నీళ్ళ సైరన్

పంపు హౌస్,
ఎండలు మొదలైన వారం

ఒరేయ్ పెన్సిలూ,

బతికే ఉన్నావా? రాజధానికి పోయి మ్యాపుల ఆఫీసులో కూర్చున్నాక అక్క అనేదొకటి ఉందని గుర్తుండదులే. నాకు రాయకపోతే పోనీ, పిన్నికన్నా రాయి. అమ్మ పోయాక మనిద్దర్నీ పెంచిన పాపానికి రోజూ "లారీ వచ్చిందా" అని అడుగుతోంది. పోస్టాఫీసుకి తాళం పడ్డాక మన లారీ డ్రైవరే పోస్ట్‌మన్. "దేశం మొత్తం మీద నడుస్తున్న పోస్టాఫీసు నా బండి ఒక్కటే" అని కాలరెగరేస్తున్నాడు.

ఇక్కడి సంగతులు ఏం చెప్పమంటావు! మున్సిపల్ కమిషనర్ మీటింగుకని వెళ్ళాడు. పెళ్ళాం పిల్లలతో వెళ్ళాడు, ఫ్రిజ్ కూడా పట్టుకెళ్ళాడు. మీటింగుకి ఫ్రిజ్ ఎందుకయ్యా అని ఎవరూ అడగలేదు. మాకు జీతాలు లేవు. మిలిటరీ వాళ్ళకీ లేవు, పాపం, బూట్లు అమ్ముకుంటున్నారు. బజారుకి ఇటువైపు వాళ్ళు, అటువైపు తిరగబడ్డ కొండవాళ్ళు. మధ్యలో మన పంపు హౌస్, అందులో నేను. నేను పంపు ఆపితే ఊరు ఎండిపోతుంది కాబట్టి నడుపుతున్నాను.

నీకు నవ్వొచ్చే సంగతి ఒకటి చెప్తా. నీళ్ళు వదిలే ముందు సైరన్ మోగించడం నాన్న ఆపరేటర్‌గా ఉన్నప్పటి నుంచీ ఉన్నదే కదా. కరెంటు పోయాక అటక మీద నుంచి చేత్తో తిప్పే పాత సైరన్ దింపాను. తిప్పేది పిన్ని. ఆవిడకి చెవులు ఎలాగూ వినపడవు, ఆ పనికి అంతకంటే తగిన మనిషి ఈ ఊళ్ళో లేదు. మొదటిరోజు కుళాయిల దగ్గరికి ఇటు నుంచి మిలిటరీ, అటు నుంచి కొండవాళ్ళు, ఇద్దరూ తుపాకులతోనే దిగారు. లైన్లో ఆడవాళ్ళకి పైప్రాణాలు పైనే పోయాయి. పిన్ని హ్యాండిలు వదిలి వెళ్ళి, అందరికంటే పొడుగాటి కొండవాడి ముందు నిలబడింది. "తుపాకీ భుజాన వేసుకుని డబ్బా ఏ చేత్తో మోస్తావురా? ఆ గోడకి ఆనించు. నీదెవడూ ఎత్తుకుపోడులే, అందరి దగ్గరా అవే ఉన్నాయి!" అంది. వాడు ఆనించాడురా! వాణ్ణి చూసి వీళ్ళూ ఆనించారు.

అప్పటి నుంచి అదే రివాజు అయిపోయింది. సైరన్ మోగితే తుపాకులు గోడకి, మనుషులు లైన్లోకి. కుళాయిలు కట్టేదాకా ఊళ్ళో ఒక్క గుండు పేలదు. డీజిల్ ఒక వారం వాళ్ళు పోస్తారు, ఇంకో వారం వీళ్ళు. పిన్ని ఇప్పుడు నడుం మీద చెయ్యి పెట్టుకుని తిరుగుతోంది, దేశాన్ని తనే ఏలుతున్నట్టు.

కాలవ అవతల పాత షెడ్డుకి వెళ్ళి అక్కడి పంపుకి గ్రీజు పెట్టొచ్చాను. ఎందుకని అడగకు. ఏటా నాన్న పెట్టేవాడు, నేనూ పెడుతున్నాను. దాగుడుమూతలాడుతూ నువ్వు దాక్కుని నిద్రపోతే ఊరంతా గాలించాం చూడు, ఆ షెడ్డే. ఇప్పుడక్కడ కప్పలు తప్ప ఎవరూ లేరు.

వేళకి తిను.

నీ అక్క


మ్యాపుల ఆఫీసు, రాజధాని

అక్కా,

నీ ఉత్తరం చదివి పడీపడీ నవ్వాను. పిన్ని కాళ్ళకి దణ్ణం పెట్టానని చెప్పు.

ఇక్కడ పైకి అంతా బాగానే ఉంది. రోడ్లు ఊడుస్తున్నారు, మంత్రుల కార్లు తిరుగుతున్నాయి. కానీ మా ఆఫీసరు మారాడు, ఆయన స్థానంలో వచ్చినాయనా మారాడు. ఇప్పుడున్నాయన ఎవరో, ఏ శాఖో మాకెవరికీ తెలీదు. చొక్కా మడత నలగదు, గొంతు లేవదు. మా గదిలో సగం బల్లలు మిలిటరీకి ఇచ్చేశారు. ఊళ్ళ మ్యాపులన్నీ పాతవి కాబట్టి, ఏ ఊరివాళ్ళతో ఆ ఊరివి సరి చేయిస్తున్నారు. మనూరు నాకిచ్చారు. మన వీధి గీస్తుంటే ఎంత సంతోషంగా ఉందో చెప్పలేను. చింతామణి అని పిలిచే ఆ కుంటి కుక్క పడుకునే అరుగు కూడా గీద్దామనిపించింది.

మధ్యాహ్నం టీ దగ్గర నీ సైరన్ కథ చెప్పాను. గది గదంతా నవ్వులే. పిన్ని గొంతు పెట్టి చెప్పాలే, నాకది బాగా వచ్చు కదా. కొత్తాయన కూడా వచ్చి కూర్చుని, మళ్ళీ మొదటి నుంచి చెప్పమన్నాడు. నాకు టీ ఆయనే పోశాడు. అంత పెద్దమనిషి నా మాట వినడం ఇదే మొదటిసారి అక్కా.

ఇంతకీ కుళాయిలు ఇప్పుడు రోడ్డు వైపున్నాయా, ట్యాంకు వైపా? జనం ఎటు నుంచుంటారు? సైరన్ రోజూ ఒకే వేళకా? రాయి. మ్యాపు సరిగ్గా రావాలని ఆయన పట్టుదల.

నీ పెన్సిలు


పంపు హౌస్

ఒరేయ్ పెన్సిలూ,

పెద్దమనిషి టీ పోశాడని పొంగిపోతున్నావే, మేం ఎన్నిసార్లు పోయలేదు నీకు? కుళాయిలు ట్యాంకు వైపే, గోడ నీడలో. నువ్వెళ్ళినప్పుడు ఎక్కడున్నాయో అక్కడే. ఎండెక్కక ముందే సైరన్. కొండవాళ్ళు ఎడమ పక్క, మిలిటరీ కుడి పక్క, మధ్యలో ఊరివాళ్ళు. చాలా? మ్యాపులో జనాన్ని కూడా గీస్తారా ఏంటి మీరు? నేను కనబడితే కాస్త సన్నగా గీయి.

ఇక్కడి మిలిటరీ కెప్టెన్ తనే బకెట్టు పట్టుకుని లైన్లో నిలబడుతున్నాడు. నిన్న అతని ముందు ఆ పొడుగు కొండవాడు ఉన్నాడు. ఇద్దరూ ఒకళ్ళనొకళ్ళు చూసుకోకుండా, నిలబడి నిలబడి, చివరికి ఎండ గురించి మాట్లాడుకున్నారు. పిన్నికి వినపడలేదు కానీ చూసి మురిసిపోయింది. సైరన్ లేనప్పుడు మాత్రం మామూలే. మొన్న కొండవాళ్ళు చెరుకు బండి మీద బాంబు పెట్టి మిలిటరీ జీపు లేపేశారు. దానికి బదులుగా మిలిటరీ వాళ్ళు ఒక వీధిని వీధే తగలబెట్టారు. పొద్దున మళ్ళీ అందరూ లైన్లోకి వచ్చారు. ఆ వీధి వాళ్ళు కూడా మసి ముఖాలతోనే వచ్చారు.

నాకు ఒక్కటే భయంరా. ఈ ఊళ్ళో మిగిలింది ఆ సైరన్ ఒక్కటే. అది చెడితే ఇంక మమ్మల్ని కాపాడేదేం లేదు.

నీ అక్క


మ్యాపుల ఆఫీసు, రాజధాని

అక్కా,

క్షేమం. ఎండలు ఎక్కువగా ఉన్నాయి. పిన్ని కళ్ళకి ఎండ పడదు కదా, కొన్నాళ్ళు సైరన్ మానేస్తే ఏం? ఊరి చివర నర్సమ్మ ఇంట్లో ఉంచు. నువ్వు కూడా వెళ్ళు. నీకూ ఎండ పడదు.

పంపు హౌస్ దగ్గర అంతమందిని పోగు చెయ్యడం మంచిది కాదు. అంటువ్యాధులు వస్తాయని పేపర్లో రాశారు. నీళ్ళు ఇంటికొకళ్ళు వచ్చి ఎప్పుడంటే అప్పుడు పట్టుకుపోతే సరిపోతుంది.

మా గదిలో నా పక్క బల్ల ఆయన నీకు తెలుసు, మనింటికి ఒకసారి వచ్చాడు, లావుపాటి ఆయన. ఈ మ్యాపులు దేనికని పైవాళ్ళని అడిగాడు. ఈ వారం ఆఫీసుకి రాలేదు. ఇంటికెళ్తే తాళం. ఆయన కుర్చీ ఎవరో తీసుకెళ్ళిపోయారు.

నా మాట విను అక్కా. ఎప్పుడూ వినవు, ఈసారి విను.

తమ్ముడు


పంపు హౌస్,
ఎండలు ముదిరాక

ఒరేయ్,

ఇదేం ఉత్తరంరా? పెన్సిలు కూడా కాదు, తమ్ముడుట! నాకు ఎండ పడదా? ట్యాంకు మీదకెక్కి మధ్యాహ్నం పూట తుప్పు గీకేదాన్ని నేను. అంటువ్యాధులట. నీళ్ళు లేకపోతే వచ్చే రోగాల గురించి మీ పేపర్లో రాయలేదా?

సైరన్ మానేసి ఎప్పుడంటే అప్పుడు పట్టుకోమంటే ఏమవుతుందో నీకు తెలీదా? తుపాకులున్నవాడు ముందు పట్టుకుంటాడు. మిగతావాళ్ళు వాడి ముఖం చూస్తూ నిలబడాలి. ఆపను. నీకు తోచిన సలహాలన్నీ మీ పెద్దమనిషికి చెప్పుకో.

కోపంలో ఇంతవరకూ రాసి పడేశాను. పిన్ని నీ ఉత్తరం మళ్ళీ చదివి వినిపించమంది. చెవి దగ్గర అరిచి చదివాను, వీధంతా విన్నారు, అది వేరే సంగతి. ఆవిడ ఉత్తరం నా చేతిలోంచి తీసుకుని మడిచింది. తర్వాత అంది: "వాడు హాస్టల్లో ఉన్నప్పుడు కూడా ఇంతే. పిల్లలు కొడుతున్నారని రాయలేక, ఎండలుగా ఉన్నాయి పిన్నీ, వచ్చి తీసుకెళ్ళు అని రాశాడు. అది చలికాలం."

అప్పుడు కవరు సరిగ్గా చూశాను. నువ్వు అంటించిన జిగురు కాదది. విప్పి మళ్ళీ ఎవరో అంటించారు. ఇదీ విప్పుతారులే. అయ్యా చదివేవారూ, మా తమ్ముడు అమాయకుడు, వాడి జోలికి పోకండి.

నువ్వు చెప్పలేనిది మాకు కొంత అర్థమైంది. ఏం చేస్తామో రాయను. నిశ్చింతగా ఉండు.

నీ అక్క


మ్యాపుల ఆఫీసు, రాజధాని

అక్కా,

ముందు రాసిన పిచ్చి ఉత్తరం మర్చిపో. జ్వరంలో రాశాను. ఎండా లేదు, రోగమూ లేదు. సైరన్ మోగించుకో, పిన్నిచేతే తిప్పించు. ఎప్పటిలాగే, ఎక్కడ నిలబడేవాళ్ళో అక్కడే నిలబడండి. పంపు హౌస్‌కంటే మంచి చోటు ఊళ్ళో ఇంకోటి లేదు. అక్కడి నుంచి ఒక్క అడుగు కూడా కదలకు. ఇది మాత్రం గట్టిగా చెప్తున్నాను.

నేనొక పని చేశాను. చిన్నదే, పెన్సిలు మొనంత. నాకు ఈమధ్య కంటినిండా నిద్రపట్టింది ఆ ఒక్క రోజే. ఎదురుగా కూర్చున్నప్పుడు చెప్తాను, నువ్వు నా నెత్తిన ఒక్కటి మొట్టి, తర్వాత మెచ్చుకుంటావు.

వంతెన పేల్చేశారని లారీ ఇక్కడే ఆగిపోయింది. ఎప్పుడు కదిలితే అప్పుడు ఈ ఉత్తరం వస్తుంది. నీ దగ్గర్నుంచి చివరగా వచ్చింది ఆ కోపం ఉత్తరమే. నిశ్చింతగా ఉండమన్నావు. ఉన్నాను. మీరేం చెయ్యాలనుకున్నారో గానీ ఏమీ చెయ్యకండి. ఏమీ చెయ్యక్కర్లేదు ఇంక.

నీ పెన్సిలు


కాలవ అవతల నుంచి

ఒరేయ్ పెన్సిలూ,

ఈ ఉత్తరం మీ ఆఫీసు జిగురుగాళ్ళ చేతిలో పడదు. వంతెన దగ్గర నుంచి పడవ మీద వచ్చిన మన డ్రైవరు దీన్ని లారీ సీటు కుట్టులో పెట్టి నీకు చేరుస్తానన్నాడు. అందుకని మనసు విప్పి రాస్తున్నాను. నీ దగ్గర్నుంచి మాత్రం ఆ ఎండల ఉత్తరం తర్వాత ఏమీ రాలేదు. డ్రైవరు దగ్గరేవో ఉన్నాయట గానీ మూట లారీలోనే ఉండిపోయిందట, అవతలి ఒడ్డున.

నువ్వు చెప్పినట్టే చేశాంరా! పంపు హౌస్ దగ్గర పోగవద్దన్నావు కదా. ఏదో రాబోతోందని, అది పంపు హౌస్ మీదకేనని పిన్ని తేల్చేసింది. నీళ్ళు ఆపలేం, చోటు మార్చగలం. కాలవ అవతల పాత షెడ్డు ఎవడికి గుర్తుంది? నాన్న పెట్టిన గ్రీజు, నేను పెట్టిన గ్రీజు ఊరికే పోలేదు. పంపులో నీళ్ళు పోసి గాలి తీసి హ్యాండిలు తిప్పితే, ముసలిది దగ్గి దగ్గి అందుకుంది. నాకు ఏడుపొచ్చింది, నిజంగా. పైపులు మోయడానికి కొండవాళ్ళు ఆరుగురొచ్చారు, కెప్టెన్ మనుషులూ వచ్చారు. ఎందుకు మారుస్తున్నావని అడిగితే ట్యాంకు పగిలిందని అబద్ధం చెప్పాను.

పంపు హౌస్ ఇప్పుడు ఖాళీ. ఏం పడినా తుప్పు మీదే పడుతుంది. సైరన్ కూడా ఇక్కడికే తెచ్చేశాం. నువ్వు నిద్రపోయిన ఆ సిమెంటు దిమ్మె మీద పిన్ని కూర్చుని తిప్పుతోంది. "వాడు ఇక్కడే దొరికాడే" అని లైన్లో ప్రతివాళ్ళకీ చెప్తోంది. ఆ పొడుగు కొండవాడు కూడా మూడుసార్లు విన్నాడు, పాపం.

నీ నోరు నువ్వు కట్టేసుకుని కూడా మమ్మల్ని కాపాడావు. ఈసారి వచ్చినప్పుడు నేనే టీ పోస్తాను.

నీ అక్క


రాజధాని

అక్కా,

చదవడం ఆపు. పిన్నిని తీసుకుని షెడ్డు వదిలి పరిగెత్తు. అందర్నీ తరిమెయ్యి. తర్వాత చదువు.

అది నేనే చేశాను. నీ సైరన్ కథ విన్న రోజే ఆ పెద్దమనిషి లెక్క వేసుకున్నాడు: కొండవాళ్ళందరూ, తుపాకుల్లేకుండా, ఒకేచోట, రోజూ ఒకే వేళకి. మ్యాపు మీద పంపు హౌస్ దగ్గర గుర్తు పెట్టమన్నాడు. అక్కడ ఊరివాళ్ళుంటారన్నాను. విన్నాడు. మన మిలిటరీ వాళ్ళూ ఉంటారన్నాను. "జీతం లేని సైన్యం ఎవరి సైన్యం?" అన్నాడు. ఆ మాట అని, నా పక్క బల్లాయన ఖాళీ చోటు వైపు ఒకసారి చూశాడు.

ఆ గుర్తు మీదకి కాల్చే పెద్ద ఫిరంగులు కొండల వెనకెక్కడో ఉన్నాయి. మీరు వాటికి కనపడరు. మ్యాపులో గుర్తు ఎక్కడుంటే అక్కడికి కాలుస్తాయి. ఊరికి చేరువలో ఎవరూ లేని చోటేదని ఆలోచించాను అక్కా. రాత్రంతా కాదు, ఒక్క నిమిషంలో తట్టింది. కాలవ అవతల పాత షెడ్డు. కప్పలు తప్ప ఎవరూ లేరని నువ్వే రాశావు. గుర్తు అక్కడికి జరిపాను. షెడ్డు కూలితే కూలుతుంది, మళ్ళీ మీ జోలికి రారనుకున్నాను.

కాలవ అవతల నుంచి నువ్వు రాసింది డ్రైవరు ఇవ్వగానే, గుర్తు మళ్ళీ మార్చుదామని ఈ పొద్దున పరిగెత్తాను. మ్యాపులు బల్ల మీద లేవు. వెళ్ళిపోయాయి. ఎప్పుడు కాలుస్తారో నాకు చెప్పరు. ఎవరి కాళ్ళయినా పట్టుకుంటానంటే, ఎవరి కాళ్ళో కూడా తెలియడం లేదు. ఈ ఆఫీసులో ఎవడు ఎవడికి జవాబుదారో ఎవడికీ తెలీదు. ఫోన్లు లేవు. డ్రైవరు కాళ్ళు పట్టుకున్నాను, తిండి కూడా తినకుండా బయల్దేరుతున్నాడు.

కొండనాలుకకి మందేస్తే ఉన్న నాలుక ఊడిందని పిన్ని అంటుండేది. నా నాలుకే ఊడిపోతే బాగుండేది అక్కా, ఆ టీ బల్ల దగ్గర.

పరిగెత్తు.


పంపు హౌస్

మ్యాపుల ఆఫీసులో పనిచేసే వారికి,

మీ ఉత్తరం అందింది. డ్రైవరు వంతెన దాకా లారీలో, అక్కడి నుంచి పడవలో, తర్వాత నడిచి వచ్చాడు. వచ్చేసరికి నేను కాలవ గట్టు మీద కూర్చుని ఉన్నాను. నా ముఖం చూసి ఉత్తరం చేతిలో పెట్టి పక్కకి తిరిగాడు.

సైరన్ మోగుతుండగా పడింది. పంపు దగ్గర నీళ్ళు కారుతుంటే బిగించడానికి తాడు కోసం నేను పంపు హౌస్‌కి వచ్చాను. అందుకే ఉన్నాను. గోడకి ఆనించిన తుపాకులు ఆనించినట్టే ఉన్నాయి. కెప్టెన్ బకెట్టు దొరికింది. ఆ పొడుగాయన డబ్బా దొరికింది. నర్సమ్మ, బజారు వీధి ఆడవాళ్ళు, ఎవరని రాయను? పిన్ని చేతిలో హ్యాండిలు ఉంది. ఆవిడకి పడిన చప్పుడు కూడా వినపడి ఉండదు. నాకున్న ఊరట ఆ ఒక్కటే.

ఒరేయ్, మీరు అని రాయడం నా వల్ల కావడంలేదురా. కాకూడదనుకున్నాను, కావడంలేదు. నిన్ను తిట్టడానికి కూర్చుంటే నాకు దిమ్మె మీద నిద్రపోతున్న పిల్లాడే కనపడుతున్నాడు. నా ఉత్తరం చూసి నువ్వు మాట్లాడావు, నీ ఉత్తరం చూసి నేను మార్చాను. కానీ నిజం చెప్తున్నాను, నిన్ను నేను చూడలేను. ఎప్పటికైనా చూడగలనేమో తెలీదు. ఇటు రాకు.

కొండవాళ్ళు వచ్చి అడిగారు: చోటు మార్చమని నీకెవరు చెప్పారు? మిలిటరీలో మిగిలినవాళ్ళూ వచ్చి అదే మాట అడిగారు. ఇన్నేళ్ళలో రెండు పక్షాలకీ కుదిరిన మాట ఇదొక్కటే, సైరన్ ఎర అని, నేను పిలిచి చంపించానని. ట్యాంకు పగిలిందని చెప్పావు కదా, చూపించు అన్నారు. ట్యాంకు బాగానే ఉంది. నీ పేరు చెప్పలేదు. చెప్పను. నీ ఉత్తరాలన్నీ పొయ్యిలో పెట్టేశాను. ఇప్పటిదాకా మర్యాదగానే అడుగుతున్నారు. రేపు మళ్ళీ వస్తామన్నారు.

ఊళ్ళో జనం కాలవ నీళ్ళు తాగుతున్నారు. పిల్లలకి విరేచనాలు పట్టుకున్నాయి. అయినా ఎవరూ ఇటు రావడం లేదు. నన్ను చూస్తే తలుపులు వేసుకుంటున్నారు.

సైరన్ హ్యాండిలు వంగిపోయింది. సుత్తితో కొట్టి సరిచేశాను. పంపు హౌస్‌లో పెట్టి ఈ పొద్దున నేనే తిప్పాను, చెయ్యి నొప్పి పుట్టేదాకా తిప్పాను. కుళాయిలన్నీ విప్పాను. ఎవరూ రాలేదురా. నీళ్ళు పొంగి, గోడ పక్క నుంచి రోడ్డు మీదకి పోయాయి.

అక్క